మంగోలియా తిండిని తక్కువ చేయొద్దు

సంపాదకుడు గారికి,

మంగోలియా వాళ్లకు కూరగాయల విలువ తెలియదని తేలిగ్గా అనేస్తుంటే బాధేస్తుంది. చలికాలంలో మైనస్ 40 డిగ్రీలకు పడిపోయే నేల మీద, మందల వెంట మకాం మార్చుకుంటూ బతికేవాళ్లు తోట ఎక్కడ వేస్తారు? అందుకే చలికాలమంతా మాంసం. వేసవిలో పెరుగు, రాయిలా గట్టిపడేదాకా ఎండబెట్టిన పెరుగు ముక్కలు (ఆరూల్), గుర్రం పాలు పులియబెట్టిన ఐరగ్. గుడారంలోకి ఎవరొచ్చినా ముందు ఉప్పు వేసిన వేడి పాల టీ చేతిలో పెడతారు. అడవి ఉల్లి వాళ్లెప్పుడూ తిన్నదే.

ఇప్పుడు రాజధాని ఉలాన్‌బాతర్ వంటిళ్లలో బంగాళాదుంప, క్యారట్, క్యాబేజీ మామూలే. ఆకులు పశువుల మేత అనే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ మందలు వదిలి, ఆఫీసు కుర్చీలో కూర్చునేవాళ్లకు ఆ పాత తిండి ఒక్కటే సరిపోదు. వాళ్లకు కావలసింది మన ఎగతాళి కాదు, చలిని తట్టుకునే గ్రీన్‌హౌస్‌లు. మీ ఆహారం పేజీలో ఈ సంగతీ రాయండి.

– ఒక పాఠకురాలు, విజయనగరం