పేగు స్కానింగ్ ఓపీ గదిలోనే చేయాలి

సంపాదకులు గారికి,

పేగుల్లో ఏళ్ల తరబడి వాపు, పుండ్లతో బాధపెట్టే క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ జబ్బుల గురించి పది రోజుల కిందట మీ ఆరోగ్యం పేజీలో వ్యాసం వచ్చింది. మసాలాలు తగ్గించండి, బయటి తిండి మానండి, టెన్షన్ పడకండి అన్నారు. మంచిదే. లోపల జబ్బు తగ్గిందో లేదో చూపించుకోవడానికి రోగి పడే అవస్థ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆరేళ్లుగా క్రోన్స్ ఉన్న కొడుకును వెంటబెట్టుకుని తిరుగుతున్నవాణ్ణి కాబట్టి అది నేను రాస్తున్నాను.

మొదట మొలలన్నారు. తర్వాత పేగు టీబీ అని ఆరు నెలలు మందులు మింగించారు. మన దేశంలో ఈ రెండు జబ్బులూ ఒకేలా కనబడతాయట, అందుకు డాక్టర్లను తప్పుపట్టను. క్రోన్స్ అని తేలాక, మందు పనిచేస్తోందా లేదా అన్న ప్రతిసారీ కొలనోస్కోపీయే, అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పేగు లోపల చూసే పరీక్ష. ముందురోజు తిండి లేదు, లీటర్లకొద్దీ విరేచనాల మందు. అసలే రోజుకు పదిసార్లు వెళ్లే పిల్లవాడు!

రెండేళ్ల కిందట ఒక డాక్టర్ గారు ఓపీలోనే వాడి పొట్ట మీద జెల్ రాసి అల్ట్రాసౌండ్‌తో చూశారు. పావుగంట పట్టింది. పేగు గోడ మందం 3 మిల్లీమీటర్లు దాటకూడదు, వీడికి 6 ఉందని తెర మీద కొలిచి చూపించారు. రక్తం కదలికను చూపే డాప్లర్ పెడితే గోడలో రంగు రంగుగా రక్తం పారడం కనబడింది. వాపు ఇంకా తగ్గలేదన్నారు. ఆ రోజే మందు మార్చారు. మూడు నెలలకు అది 4కి దిగింది. అంతవరకు మందు వద్దని మొండికేసే మావాడు, తన పేగును తాను చూశాక ఒక్క డోసు మానలేదు.

ఆయన బదిలీ అయ్యారు. ఇప్పుడు వెళ్తున్న ఆసుపత్రిలో స్కానింగ్‌కు వేరే క్యూ, మూడు వారాల తర్వాత డేటు. ఆ రోజు వెళ్తే లివర్, కిడ్నీలు చూసి, గ్యాస్ వల్ల పేగు కనబడలేదని రాసిచ్చారు. ఓపీలో యంత్రం ఎందుకు పెట్టరని అడిగితే లింగ నిర్ధారణ చట్టం అడ్డమన్నారు. 1994 నాటి ఆ చట్టం గట్టిగా అమలు కావాల్సిందే, నాకూ ఆడపిల్ల ఉంది. యంత్రాన్ని నమోదు చేయించి, వాడే డాక్టరు వివరాలిచ్చి నడపమనే కదా చట్టం చెప్పేది! ఆ కాగితం కదిలించే నాథుడే లేడు. కొత్త భవనాలకు శంకుస్థాపనలు చేసే అధికారులు, నాయకులు ఒక్కసారి ఓపీ వరండాలో నిలబడి చూస్తే తెలుస్తుంది.

ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. జర్మనీలో గ్యాస్ట్రో డాక్టర్లు దశాబ్దాలుగా చేస్తున్నారు. బ్రిటన్‌లో 8 ఆసుపత్రుల్లో 284 మంది రోగులతో చేసిన మెట్రిక్ అధ్యయనం 2018లో వచ్చింది. చిన్నపేగులో జబ్బు ఉన్నవాళ్లలో ఎమ్మారై 97 శాతం మందిని పట్టుకుంటే అల్ట్రాసౌండ్ 92 శాతం మందిని పట్టుకుంది. జబ్బు ఎంతమేర పాకిందో చెప్పడంలో ఎమ్మారైయే మెరుగు. పురీషనాళం, అంటే పెద్దపేగు చివరి భాగం కూడా పొట్ట మీది స్కాన్‌కు సరిగా అందదు. చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీకి కొలనోస్కోపీ ఎలాగూ కావాలి. మధ్యమధ్యలో చూసుకోవడానికైనా ఈ బాధ తప్పించవచ్చు కదా అంటున్నాను.

గ్యాస్ట్రో పీజీలకు పేగు స్కానింగ్ నేర్పించి, ప్రతి మెడికల్ కాలేజీ ఆసుపత్రి గ్యాస్ట్రో ఓపీలో ఒక యంత్రం పెట్టించాలని వైద్యారోగ్య శాఖను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. మావాడికి వచ్చే వారం మళ్లీ కొలనోస్కోపీ. విరేచనాల పొడి ప్యాకెట్లు నిన్ననే కొనుక్కొచ్చాను.

— క్రోన్స్ రోగి తండ్రి, గుంటూరు జిల్లా