ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకు గది ఇవ్వరా?

అయ్యా,

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఇప్పపూల కాలంలో స్కూటీ మీద ఒక్కదాన్నే ఆలాపల్లి మీదుగా భామ్రాగఢ్ వెళ్లొచ్చాను. అక్కడ ఇంద్రావతి, పర్లకోట, పాముల గౌతమి నదులు కలిసేచోటు చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. వానలు పడి పర్లకోట పొంగితే అటు రాకపోకలే ఆగిపోతాయి, అందుకే ఎండల్లోనే బయల్దేరాను.

టేకు అడవిలో నాకు ఏ టెన్షనూ కలగలేదు. తెల్లవారుజామునే గోండు ఆడవాళ్లు చెట్ల కింద ఆకులు ఊడ్చిన నేల మీద ఇప్పపూలు ఏరుతున్నారు. పూల రసానికి వేళ్లు జిగటగా ఉన్నాయి. నన్ను చూసి ఒకామె అడిగిన మాట ఒక్కటే: "నీళ్లున్నాయా బిడ్డా?"

తిరుగుదారిలో ఒక లాడ్జీలో ఆధార్ కార్డు చూపించినా, "మగవాళ్లెవరూ లేరా? అయితే గది లేదు" అన్నారు. వెనక బోర్డుకు తాళంచెవులు వేలాడుతూనే ఉన్నాయి. చీకట్లో మళ్లీ బండి తీసి తెలిసినవాళ్లింటికి పోవాల్సి వచ్చింది. ఆడమనిషిని రాత్రిపూట రోడ్డు మీదకు పంపడం ఏం జాగ్రత్తండీ?

కమలాపూర్ ఏనుగుల శిబిరానికీ, మా వడధం శిలాజాల పార్కుకూ జనం రావాలంటే ఆడవాళ్లూ రావాలి కదా. ఒంటరి మహిళలకు గది నిరాకరించకూడదని జిల్లా అధికారులు లాడ్జీలకు గట్టిగా చెప్పాలి. అటవీశాఖ విశ్రాంతి గృహాల్లోనూ వాళ్లకు గది దొరకాలి. ఆలాపల్లి–సిరొంచ దారిలో ఆడవాళ్లకు మరుగుదొడ్లు కట్టించాలి. వచ్చే వేసవిలోగా ఇవి చేయాలని మనవి.

– ఒక పాఠకురాలు, సిరొంచ