ఫ్రీ చెకింగ్ ఆపేస్తున్నాం, కారణం ఇదీ

మన గ్యారేజీకి కార్లు తెచ్చే అందరికీ నమస్కారం.

ఇప్పటిదాకా సర్వీసుకు వచ్చిన కారును కింద కూడా ఓసారి చూసి, కనిపించింది చెప్పి పంపేవాళ్ళం. దానికి డబ్బు తీసుకోలేదు. వచ్చే నెల నుంచి ఆ పద్ధతి ఉండదు. దాని బదులు ఏడాదికోసారి పూర్తి సేఫ్టీ చెకింగ్ పెడుతున్నాం. 600 రూపాయలు. మన దగ్గర సర్వీసు చేయించుకునే, మూడేళ్ళు నిండిన ప్రతి కారుకూ ఇది తప్పనిసరి. ఈ మాట చెప్పగానే చాలామంది ముఖాలు మారిపోయాయి. ఎన్నో ఏళ్ళుగా వస్తున్న ఒకాయన "బిల్లు పెంచుకోవడానికి కొత్త దారి కనిపెట్టావన్నమాట" అని నలుగురిలో అనేసి వెళ్ళిపోయారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇదంతా బ్రేక్ ప్యాడ్లతో మొదలైంది. మొన్న చలికాలంలో, మన దగ్గర ముందు ప్యాడ్లు మార్చిన కారొకటి అరకు వెళ్ళి వస్తూ అనంతగిరి ఘాట్‌లో ఇబ్బంది పడింది. దిగుతుంటే కాలిన వాసన, పెడల్ ఎంత తొక్కినా బండి సరిగ్గా ఆగడం లేదు. కార్లో పిల్లలున్నారు. నడుపుతున్నాయన అనుభవం ఉన్న మనిషి కాబట్టి గేరు తగ్గించి, నెమ్మదిగా కిందికి తెచ్చారు. వైజాగ్ రాగానే నేరుగా మన దగ్గరికే వచ్చారు. ఒక్క మాట కూడా తూలలేదు, తాళాలు నా చేతిలో పెట్టారు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

చక్రాలు విప్పి చూస్తే ప్యాడ్లు అద్దంలా మెరుస్తున్నాయి. అంచును గోరుతో గిల్లితే పొడి రాలుతోంది. డిస్కు నీలం తిరిగిపోయింది. షెల్ఫ్‌లో అదే లాట్‌వి మిగిలి ఉంటే తీసి, పాత ఒరిజినల్ ప్యాడ్ పక్కన పెట్టి తూకం వేశాను. వెనక ఇనుప ప్లేటే పలచన. పెట్టె, సీలు, హోలోగ్రామ్, పార్ట్ నంబర్ అన్నీ కంపెనీవి లాగే ఉన్నాయి. లోపలి సరుకు మాత్రం డూప్లికేట్.

ఆ హోల్‌సేల్ షాపుతో మాది పాత పరిచయం. ఏనాడూ బాకీ ఆలస్యం చేయలేదు. ఫోన్ చేస్తే మొదట "కంపెనీ సరుకే" అన్నాడు. తర్వాత "మీ కస్టమర్ బ్రేకు మీద కాలు పెట్టి దిగి ఉంటాడు" అన్నాడు. ప్యాడ్లు పట్టుకుని షాపుకే వెళ్తే, "మార్కెట్లో అందరూ ఇవే వేస్తున్నారు, నీ ఒక్కడికే ఇంత పట్టింపేంటి" అన్నాడు. క్రెడిట్ నోట్ రాసిస్తానన్నాడు. నాకు అక్కర్లేదని చెప్పి వచ్చేశాను. ఇంత పట్టింపు నాకు ఎందుకంటే, ఆ పెట్టె విప్పి బిగించేది నా చేతులు. ఘాట్ దిగేది నన్ను నమ్మిన కుటుంబం. ఆ షాపు నుంచి ఇక ఒక్క బల్బు కూడా కొనను. వేరేచోట కొంటే ప్యాడ్ల సెట్టుకు ఎక్కువ పడుతోంది, పడనివ్వండి.

ఆ లాట్ వేసిన కార్లన్నిటికీ ఫోన్లు చేసి రప్పించాం. ప్యాడ్లు మా ఖర్చుతోనే మార్చాం. అలా కార్లను వరసగా లిఫ్ట్ ఎక్కించి, నాలుగు చక్రాలూ విప్పినప్పుడు అసలు సంగతి బయటపడింది. పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు ఆరుబయట పార్క్ చేసే కార్లకు బ్రేక్ పైపులు తుప్పు పట్టి పొరలు పొరలుగా లేస్తున్నాయి. పైన పెయింటు మెరుస్తోంది, కింద ఉప్పుగాలి తినేస్తోంది. పన్నెండేళ్ళ కారొకటి, 40 వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. తక్కువ తిరిగిన బండి కదా అని ఇంట్లో అందరికీ ధైర్యం. టైర్లు మాత్రం కొన్ననాటివే. రోడ్డుకు ఆనే భాగం అరగలేదు, పక్కగోడల్లో మాత్రం పగుళ్ళు. మీ టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి చూడండి. 1913 అని ఉంటే 2013లో 19వ వారం తయారైందని అర్థం. రబ్బరు తిరిగినా, తిరగకపోయినా ముసలిదవుతుంది.

ఇక బ్రేక్ ఆయిల్. దీన్ని ఎవరూ అడగరు. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్‌లో బ్రేకులు వేడెక్కి ఆ ఆయిల్ మరిగితే పైపుల్లో ఆవిరి చేరుతుంది, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. ప్యాడ్లు ఎంత మంచివైనా అప్పుడు లాభం లేదు. అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటాం. లంబసింగి, పాడేరు వెళ్ళేవాళ్ళకు ఇది మరీ ముఖ్యం.

"మరి గవర్నమెంటే అడగనిది నువ్వెందుకు అడుగుతున్నావు?" అని కొందరన్నారు. న్యాయమైన ప్రశ్నే. పసుపు బోర్డు టాక్సీ ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించుకోవాలి. మన వాడుకలో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకు వెళ్ళాలి. అదే మోడల్ తెల్ల బోర్డు కారును రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వెళ్ళేదాకా, అంటే పదిహేనేళ్ళ దాకా, ఎవరూ చూడరు. టాక్సీ ఎక్కువ తిరుగుతుంది, ఒప్పుకుంటాను. కానీ తుప్పు, రబ్బరు, బ్రేక్ ఆయిల్ బోర్డు రంగును బట్టి పాడవ్వవు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారు. అక్కడ పొగే చూస్తారు, బ్రేకులు చూడరు.

బ్రిటన్‌లో కారుకు మూడేళ్ళు నిండాక ఏటా పరీక్ష ఉంటుంది. 1960లో మొదలుపెట్టినప్పుడు పదేళ్ళ కార్లకే అనుకున్నారు, 1967కల్లా మూడేళ్ళకు దించారు. జపాన్, జర్మనీల్లో మూడేళ్ళకు మొదటిది, ఆ తర్వాత రెండేళ్ళకోసారి. డాలస్‌లో అబ్బాయి ఉన్న మన కస్టమర్ ఒకరు "టెక్సాస్‌లో అసలు తీసేశారు కదా" అన్నారు. నిజమే, 2025 జనవరి 1 నుంచి అక్కడ సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ లేదు. నేను డాలస్ కార్ల కింద చూడలేదు. వైజాగ్ కార్ల కింద చూశాను. ఇక్కడ మూడేళ్ళకు మొదలుపెట్టి ఏటా చూడాల్సిందే అన్నది నా గట్టి అభిప్రాయం. చట్టం రేపు వస్తుందో రాదో, నా షెడ్డులో మాత్రం ఇదే పద్ధతి.

డబ్బు విషయంలోనే చాలా రోజులు నలిగిపోయాను. లెక్కలు చూసే మా ఆవిడ "ఫ్రీగానే ఉంచండి, జనం మనసు నొప్పించకండి" అంది. నాకూ మొదట అదే అనిపించింది. కానీ ఫ్రీగా చూసిన మెకానిక్ "బుష్ పోయింది" అంటే, రిపేరు కోసమే అంటున్నాడని మీకు అనుమానం వస్తుంది. రావడంలో తప్పు లేదు. ఊరికే చేసే పనికి గంట సమయం కేటాయించడం మా కుర్రాళ్ళకూ కుదరదు, పైపైన చూసి వదిలేస్తారు. జర్మనీలో పరీక్ష చేసే టీయూవీ లాంటి సంస్థలు రిపేర్లు చేయవు. బ్రిటన్‌లో ఒకే గ్యారేజీ రెండూ చేయవచ్చు. రిపేర్లు మానేస్తే నాకు గడవదు. అందుకని ఒక గీత గీసుకున్నాను. చూసినందుకే డబ్బు తీసుకుంటాను. రిపోర్ట్ రాసి మీ చేతికిస్తాను. రిపేరు ఎక్కడైనా చేయించుకోండి, నా మీద మొహమాటం వద్దు. బయట చేయించుకుని తెస్తే మళ్ళీ చూసినందుకు రూపాయి కూడా అడగను.

పదేళ్ళు దాటిన కార్లకు ఆర్నెల్లకు బ్రేకులు, స్టీరింగ్, టైర్లు ఇంకోసారి చూస్తాం. అది ఆ 600లోనే. చెకింగ్‌లో ఈ మూడింటిలో ఏది ఫెయిలైనా జాబ్ కార్డు మీద ఎర్ర సిరాతో రాసి మీ సంతకం తీసుకుంటాం. అది బాగుచేయించేదాకా ఆ కారుకు ఏసీ, డెంటింగ్, పాలిష్ లాంటి పనులు చేయను. ఎవరు చెప్పినా ఇందులో మార్పు లేదు. ఇష్టం లేనివాళ్ళ సర్వీసు రికార్డు మొత్తం ప్రింటు తీసి ఇచ్చేస్తాను, వేరే గ్యారేజీలో ఉపయోగపడుతుంది.

ఇక నుంచి ప్యాడ్లు కంపెనీ ఆథరైజ్డ్ డిస్ట్రిబ్యూటర్ దగ్గరే, జీఎస్టీ బిల్లుతో కొంటాం. పెట్టె మీ ముందే విప్పుతాం. పాతవి మీకే ఇస్తాం.

ఆ లాట్ వేసిన కార్లలో కొన్ని ఇంకా రాలేదు. కొందరి నంబర్లు మారినట్టున్నాయి, ఫోన్లు కలవడం లేదు. గత దసరా తర్వాత మన దగ్గర ముందు ప్యాడ్లు మార్పించుకుని, మళ్ళీ రానివాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి కారు తీసుకురండి. ఆదివారమైనా షెడ్డు తీస్తాను. అప్పటిదాకా ఘాట్ రోడ్డు ఎక్కకండి.