ఉపకులపతే కాపీ కొడితే?

యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) చైర్మన్ గారికి,

నమస్కారం. మీ 2018 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ థీసిస్‌లో 60 శాతానికి మించి కాపీ ఉన్నట్టు తేలితే విద్యార్థి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. న్యాయమే. అదే ఫిర్యాదు ఉపకులపతి లాంటి సంస్థాధిపతి మీద వస్తే, నియంత్రణాధికారి తగిన చర్య తీసుకోవాలని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. గడువు లేదు, విచారణ ఎవరు చేయాలో లేదు.

నైనితాల్‌లోని కుమావూ విశ్వవిద్యాలయం గుర్తుందా? ఉపకులపతి పేరున్న భౌతికశాస్త్ర పత్రం, 1996లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త రాసినదానికి నకలని బయటపడింది. నోరు విప్పిన విభాగాధిపతి సస్పెండయ్యారు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్లు నేరుగా రాష్ట్రపతి కలాం గారికి లేఖ రాశారు. విచారణ జరిగి, 2003లో ఆ ఉపకులపతి రాజీనామా చేశారు. మన దగ్గరి పరిశోధక విద్యార్థికి అంత అండ ఎక్కడిది? వాళ్ల ఫెలోషిప్ కాగితాల మీద సంతకం పెట్టేది ఆ ఉపకులపతి కింది పాలనా యంత్రాంగమే కదా!

అందుకే అడుగుతున్నాను. సంస్థాధిపతి మీద ఫిర్యాదును బయటి నిపుణులే విచారించాలి. అది తేలేవరకు ఆయన సెలవులో ఉండాలి. 90 రోజుల్లో నివేదిక బహిరంగపరచాలి. ఫిర్యాదు చేసినవారిని ఆ కాలంలో బదిలీ, సస్పెన్షన్ చేయకూడదని నిబంధనలోనే రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు