కాపలా పిల్లలకే అప్పగించండి

సంపాదకుడు గారికి,

జాతీయ పార్కులన్నా పాత కట్టడాలన్నా ఈ తరానికి పట్టదని తరచూ వింటుంటాం. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ గుర్తొస్తుంది. 1940 సెప్టెంబరులో ఆ గుహలోకి దిగి, గోడల మీద దాదాపు 17,000 ఏళ్ల నాటి ఎద్దుల్నీ గుర్రాల్నీ చూసింది నలుగురు కుర్రాళ్లు. వెళ్లి బడి మాస్టారికి చెప్పారు. ఎవరూ పాడుచేయకుండా చూసుకోమన్నారాయన. పిల్లలు గుహ ముందే గుడారం వేసుకుని కాపలా కాశారు. వాళ్లలో ఇద్దరు తర్వాత అక్కడే గైడ్లయ్యారు.

మరి మనమేం చేస్తున్నాం? బస్సులో తీసుకెళ్లి, వరసలో నిలబెట్టి, ఫొటో తీసి, ‘ముట్టుకోవద్దు’ అని తీసుకొచ్చేస్తున్నాం. ఎందుకు ముట్టుకోకూడదో చెప్పం. ఈమధ్య ఒక పాత రాతి మండపంలో పదిహేనేళ్ల అబ్బాయి తాళంచెవితో స్తంభం మీద పేరు గీస్తూ కనిపించాడు. ఆపితే ఎదురు తిరగలేదు. చుట్టూ ఉన్న గీతలు చూపించి, “అందరూ రాశారు కదండీ” అన్నాడు. అప్పటికే రెండక్షరాలు తెల్లగా తేలాయి. వాడికి కారణం ఎవరూ చెప్పలేదు, అంతే.

చెప్పడానికి కారణాలు లేకనా! అమెరికాలోని ఎల్లోస్టోన్ 1872లో ఏర్పడిన, ప్రపంచంలోనే తొలి జాతీయ పార్కు. అక్కడి మార్నింగ్ గ్లోరీ అనే వేడినీటి గుంట ఒకప్పుడు నిండు నీలంగా ఉండేది. చూడవచ్చినవాళ్లు విసిరిన నాణేలు, చెత్త అడుగున నీరు ఊరే దారికి అడ్డుపడి వేడి తగ్గింది. దాంతో అంచుల్లోని సూక్ష్మజీవులు లోపలికి పాకి పసుపు, నారింజ రంగులు పరుచుకున్నాయి. లాస్కోనైతే సందర్శకుల ఊపిరి వల్లే చిత్రాలు పాడవుతున్నాయని 1963లో మూసేశారు. ఈ రెండు సంగతులూ విన్న పిల్లవాడు తాళంచెవి జేబులోంచి తీస్తాడా?

ప్రపంచ వారసత్వ సంపదపై 1972లో కుదిరిన ఒప్పందం, ప్రజల్లో ఆ సంపద మీద గౌరవాన్ని విద్య ద్వారా పెంచమని ప్రభుత్వాలకు ఒక అధికరణంలో ప్రత్యేకంగా చెప్పింది. కాబట్టి అధికారులను అడుగుతున్నాను: బడి పిల్లలు వచ్చినప్పుడు అక్కడ పనిచేసే మనిషి చేత అరగంట మాట్లాడించండి. దగ్గర్లోని విద్యార్థులకు చిన్న బాధ్యత అప్పగించండి. నెలకోసారి ఒకే చోట నిలబడి ఒకే గోడను ఫోన్‌లో ఫొటో తీస్తే చాలు, పగులు ఎక్కడ పెరుగుతోందో వాళ్లే ముందు కనిపెడతారు.

మీ విద్యార్థుల పేజీలో అలాంటి ఫొటోలకు కాస్త చోటివ్వండి. మొదటివి మా పిల్లల చేత నేను పంపిస్తాను.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయుడు