అడవి దారులన్నిటినీ ‘గ్రావెల్’ అని ఒకే గాటన కట్టడంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: చందాదారులకు ఇస్తున్న అడవి, పార్కు సైకిల్ దారుల్లో నేల వివరాలు తప్పుగా చూపడం, సవరణ, చందా వాపసు కోరడం.

ఆర్యా,

మీ యాప్‌లో చందా కట్టినవారికి మాత్రమే తెరుచుకునే ‘గ్రావెల్ దారులు’ విభాగం గురించి ఈ ఫిర్యాదు. ఆ విభాగంలో తారు, సిమెంటు కానిదంతా ఒకటే గోధుమరంగు గీత. రోలర్ తిప్పి గట్టిపరచిన సన్నకంకర రోడ్డు, దుంగల లారీల కోసం కొత్తగా పరిచిన పెద్ద కంకర, మధ్యలో గడ్డి మొలిచిన ట్రాక్టర్ చక్రాల గాళ్లు, వేర్లు పైకి తేలిన కాలిబాట, ఈ నాలుగూ మీ లెక్కలో గ్రావెలే. దారి వివరాల్లో ‘82 శాతం గ్రావెల్’ అని చదివిన మనిషి వీటిలో దేనికి సిద్ధపడి బయల్దేరాలి?

పేరు దగ్గర పేచీ పెట్టుకోవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. టైరు వెడల్పు, గాలి, గేర్లు, బయల్దేరే వేళ అన్నీ ఆ ఒక్క మాటను బట్టే నిర్ణయించుకుంటారు. రోలర్ తిప్పిన సన్నకంకర మీద 35 మి.మీ. టైరు హాయిగా పరుగెడుతుంది. 75 కిలోల మనిషి 45 పీఎస్ఐ దాకా గాలి కొట్టుకున్నా ఇబ్బంది లేదు. అదే చక్రం రైలు పట్టాల కింద పోసేలాంటి 40–60 మి.మీ. కంకరలోకి దిగితే, రాయే టైరు కన్నా వెడల్పు. ముందు చక్రం తిప్పిన వైపు తిరగదు, రాళ్ల సందుల్లోకి జారుతుంది. గాలి తగ్గిస్తే రిమ్ము రాయికి కొట్టుకుంటుంది, తగ్గించకపోతే పట్టు దొరకదు. ట్యూబు లేని టైరు నడుమ పడ్డ చిన్న చిల్లును లోపల పోసిన సీలెంట్ ద్రవం మూసేస్తుంది, కొంచెం పెద్దదైతే రబ్బరు ప్లగ్ గుచ్చుకోవచ్చు. పక్కగోడ తెగితే మాత్రం రెండూ సరిగా నిలవవు. లోపల గట్టి అతుకు పెట్టి, ట్యూబు ఎక్కించుకుని, మిగతా దారంతా భయపడుతూ తొక్కాలి. అలాంటి నేలకు 45–50 మి.మీ. టైరూ, దానికి తగ్గ తక్కువ గాలీ కావాలని ముందే తెలియాలి. నడి అడవిలో తెలిసి లాభం లేదు.

మట్టి బాటల సంగతి ఇంకో తీరు. రాయి కలవని బంకమట్టి బాట ఎండలో నున్నగా, తారురోడ్డుకు తీసిపోనట్టు ఉంటుంది. వాన పడ్డాక ఆ మట్టే టైరుకు పొరలు పొరలుగా అంటుకుంటుంది. టైరుకూ ఫ్రేముకూ మధ్య ఉండేది చాలాసార్లు 5, 6 మి.మీ. ఖాళీయే. అది నిండిపోయాక చక్రం తిరగదు. ఆకులు, పుల్లలు కలిసిన బురద గేర్లు మార్చే వెనక డీరైలర్‌లో ఇరుక్కున్నప్పుడు బలవంతంగా తొక్కితే దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది, లేదా విరుగుతుంది. ఫ్రేము దెబ్బతినకుండా తాను విరగడానికే దాన్ని మెత్తటి అల్యూమినియంతో చేస్తారు కాబట్టి అది దాని పని అది చేసినట్టే. అయితే విడి హ్యాంగర్ జేబులో వేసుకుని తిరిగేవాళ్లు ఎందరు? పైగా తడిసిన బాట మీద పడ్డ గాళ్లు ఎండితే నెలల తరబడి అలాగే ఉండిపోతాయి. వాన వెలిసిన మర్నాడు జనాన్ని అటు పంపడం బాటకూ మంచిది కాదు.

మా అసలు అభ్యంతరం ఇప్పుడు చెబుతాం. మీ దగ్గర వివరాలు లేక ఈ పొరపాటు జరగడం లేదు. మీ పటం మూలన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు ఉంది. ఎవరైనా సవరించగల ఆ ఉచిత పటంలో స్వచ్ఛంద కార్యకర్తలు నేల రకాన్ని విడిగా, బాట గట్టిదనాన్ని గ్రేడ్ 1 నుంచి గ్రేడ్ 5 వరకు, నునుపును మరో కొలతగా నమోదు చేస్తారు. గట్టిపరచిన సన్నకంకరకు అక్కడ ‘కంపాక్టెడ్’ అనో ‘ఫైన్ గ్రావెల్’ అనో పేరు. ఉత్త ‘గ్రావెల్’ అంటే పదునంచుల పెద్ద కంకర. అంటే ఆ పటం ‘గ్రావెల్’ అన్నదే గ్రావెల్ సైకిలుకు గడ్డు నేల! కొందరు ఆ పేరును తప్పుగా వాడతారన్నదీ నిజమే. అందుకే గ్రేడునూ నునుపునూ పక్కన పెట్టి సరిచూసుకోవాలి. మీరు మూడింటినీ ఒకే రంగులో కలిపేశారు. నేల వివరం ఎవరూ రాయని బాటను కూడా ‘ఎలాగూ తారు కాదు’ అని అందులోనే చేర్చారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోండి, కాదనం. కనీసం ఆ చెట్టు కాయలే అమ్మండి.

‘ఎక్కువమంది వెళ్లిన దారి’ అనే సదుపాయం ఈ తప్పును ఇంకా పెంచుతోంది. నడిచేవాళ్ల, పరుగెత్తేవాళ్ల, మౌంటెన్ బైకుల జాడలన్నీ కలిపి లెక్కగట్టడంతో, పక్కనే చక్కటి అటవీ రోడ్డు ఉన్నా మీ యాప్ వేర్ల కాలిబాటలోకి తిప్పుతోంది. పార్కుల్లో సైకిల్ దిగి నడిపించుకోవలసిన భాగాలు ఆ మూల పటంలో గుర్తించి ఉన్నా మీ సమయం లెక్కలో తొక్కే వేగమే పడుతోంది. చీకటిపడితే మూసే గేట్ల సంగతి ఎక్కడా లేదు. మనిషి మెలి తిరిగి దాటే ఇరుకు గేటులో 44 సెం.మీ. హ్యాండిల్ పట్టదు, సైకిల్‌ను ఎత్తి దాటించాలి. సామాను సంచులు కట్టిన సైకిల్ అయితే ముందు సంచులు విప్పాలి.

ఇక ఎత్తుల లెక్క. 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన ఎస్ఆర్‌టీఎమ్ కొలతలు వాడుతున్నట్టు మీ సహాయ పేజీలో ఉంది. అవి సుమారు 30 మీటర్ల గళ్ల కొలతలు, అంటే గడికొక్క ఎత్తే. దట్టమైన అడవిలో ఆ రాడార్ నేల దాకా పూర్తిగా చేరదు, చెట్ల ఎత్తులో కొంత నేల ఎత్తులో కలిసిపోతుంది. 40 శాతం వాలున్న కొండ పక్కన వెళ్లే రోడ్డు పటంలో 15 మీటర్లు పక్కకు జరిగితే చాలు, ఎత్తు 6 మీటర్లు తప్పుతుంది. అందుకే సమతలంగా సాగే దారి మీ బొమ్మలో రంపపు పళ్లలా కనబడుతోంది, మొత్తం ఎక్కుడు పెరిగిపోతోంది. 60 మీటర్ల పొడవున్న 18 శాతం నిటారు ఎక్కుడేమో రెండు గళ్ల మధ్య నున్నబడిపోతోంది. వదులు కంకర మీద అలాంటి చోట నిలబడి తొక్కితే వెనక చక్రం ఉత్తినే తిరుగుతుంది; కూర్చుని తొక్కాలంటే ముందు గేరు చక్రంలో 40 పళ్లకు వెనక చక్రపు గేరులో 42 పళ్లయినా ఉండాలి.

దారిని పరికరంలోకి ఎక్కించుకునే జీపీఎక్స్ ఫైలును కూడా దారి పొడవునా దగ్గర దగ్గర బిందువులుండే ‘ట్రాక్’గా కాక కొద్దిపాటి బిందువుల ‘రూట్’గా ఇస్తున్నారు. హ్యాండిల్ మీద దారి చూపే పరికరం ఆ బిందువుల మధ్య దారిని తనంతట తానే వెతుక్కుని తారురోడ్డు పట్టిస్తోంది.

కాబట్టి మేము కోరేవి ఇవి. గట్టి సన్నకంకర, వదులు పెద్ద కంకర, మట్టి, కాలిబాట వేర్వేరు రంగుల్లో కనబడాలి. నేల వివరం లేనిచోట బూడిదరంగు గీసి ‘తెలియదు’ అని రాయండి. అందులో నామోషీ ఏమీ లేదు. ఆ వివరం చివరిసారి సవరించిన తేదీ పక్కనే చూపండి. ఫైలును ట్రాక్‌గా ఇవ్వండి. దుంగలు కొట్టే పని వల్ల మూసిన దారిని వాడుకరులు అక్కడికక్కడే తెలిపే మీట పెట్టండి. ఇవి జరిగేదాకా ఈ విభాగం పేరుతో చందా వసూలు ఆపి, ఈ ఏడాది కట్టినవారికి వాపసు ఇవ్వండి. 30 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు పంపగలరు.

ఇట్లు,
మీ చందాదారులైన గ్రావెల్ సైక్లిస్టులు

జతపరచినవి: తప్పుగా చూపిన భాగాలను గుర్తించిన దారి ఫైళ్లు, ఆయా చోట్ల స్కేలు పక్కన పెట్టి తీసిన కంకర ఫొటోలు.