మంత్రి గారూ, పడవ నడిపే మనిషిని కూడా వైద్య సిబ్బందిలో లెక్కేయండి

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నాది గోదావరి పాయల మధ్య ఒక లంక ఊరు. పగలు కొబ్బరి కొట్టులో లెక్కలు రాస్తాను, రాత్రిళ్లు కథలు రాసుకుంటాను. మూడేళ్లుగా ఒకే కథ నడుస్తోంది, ఏడేర్ల సీమ అని నేను కల్పించుకున్న ఒక రాజ్యం గురించి. ఆ రాజ్యంలో వైద్యం ఎలా ఉండాలా అని ఆలోచిస్తూ కూర్చుంటే, చివరికి మీకు ఉత్తరం రాయాల్సి వచ్చింది. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మంత్రాలున్న లోకంలో జబ్బులంటే భయమెందుకు అనుకున్నాను మొదట్లో. మనం ఫలానా డాక్టరు గారి హస్తవాసి మంచిదండీ అంటాం కదా, నా రాజ్యంలో ఆ మాటని నిజం చేసేశాను. వెయ్యి మందిలో ఒకరు హస్తవాసితో పుడతారు, వాళ్లు చెయ్యి వేస్తే చాలు విషమైనా జ్వరమైనా దిగిపోతుంది. రెండు అధ్యాయాలు రాసేసరికి కథ చచ్చిపోయింది, ఎవరికీ ఏమీ కాదని తెలిశాక ఇక చదివేదెవరు? అందుకని ఒక నియమం పెట్టాను. రోగి నొప్పి ఆ రాత్రికి వైద్యుడి ఒంట్లోకి వస్తుంది, రోజుకి ముగ్గురిని మించి చూస్తే వైద్యుడే పోతాడు.

ఆ నియమం పెట్టగానే నాలుగో మనిషి గుమ్మం ముందు నిలబడ్డాడు. ముందొచ్చినవాడిని చూడాలా, ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాడిని చూడాలా, అది తేల్చేదెవరు? హస్తవాసి లేకపోయినా రోగిని చూడగానే ప్రాణం మీదికొచ్చిందా లేదా చెప్పగల మనిషి గుమ్మం దగ్గర కావాలి, అంటే మన నర్సమ్మ లాంటి మనిషన్నమాట. తర్వాత హస్తవాసి ఉన్నవాళ్లంతా రాజధానికి చేరిపోయారు, నేను రాయకుండానే చేరిపోయారు, ఎందుకంటే డబ్బున్న రోగులు అక్కడే ఉంటారు. రాజుగారి చేత శాసనం వేయించి లంకకొకరిని వెనక్కి పంపించాను. హమ్మయ్య అనుకున్నాను.

అయినా పదకొండో అధ్యాయంలో ఒక పసిపిల్ల చనిపోయింది. చంపాలని నేను అనుకోలేదండీ. వైద్యురాలు అవతలి లంకలో ఉంది, చూసింది ఇద్దరినే, ఇంకొకరిని చూసే ఓపిక ఉంది. రాత్రి, మంచు, పడవ కట్టేసి ఉంది, నడిపేవాడు ఇంటికెళ్లి పడుకున్నాడు. అతన్ని తప్పు పట్టడానికి లేదు, ఎందుకంటే రాజ్యంలో వైద్యుడికి జీతం ఉంది, మూలికలు ఏరేవాడికి ఉంది, పడవవాడికి మాత్రం నేనే పెట్టలేదు.

ఆ పేజీ రాసి చాలాసేపు కదల్లేకపోయాను. నాకు తెలియకుండా మా ఇంట్లో జరిగిందే రాశాను.

మా బాబాయిని రక్తపింజర కరిచింది. మార్గశిర మాసం, పొద్దుగూకే వేళ, కొబ్బరితోటలో గేదెకి గడ్డి కోస్తుంటే చీలమండ మీద వేసింది. 'ఏం కాదులే అమ్మా' అంటూనే ఉన్నాడు, కాలు వాచిపోతోంది. కాలు కదిలించకుండా మంచం మీద రేవుకి మోసుకొచ్చాం. పడవ అవతలి ఒడ్డున ఉంది. కేకలు వేశాం, టార్చి ఊపాం, ఫోన్లు చేశాం. పడవ వచ్చేసరికి గంట దాటింది, నడి ఏట్లో ఇసుక మేట మీద ఆగిపోతే ఇద్దరు దిగి నెట్టారు. మొదట వెళ్లిన చిన్న ఆసుపత్రిలో మా వల్ల కాదు, పెద్దదానికి తీసుకెళ్లండి అన్నారు.

పెద్ద ఆసుపత్రిలో నర్సు కొద్దిగా రక్తం తీసి శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, బల్ల మీద నిలబెట్టి, ఇరవై నిమిషాలు ఎవరూ కదపొద్దు అంది. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదట, గాజుదే కావాలట. గడియారం చూస్తూ కూర్చున్నాను. టైమయ్యాక గొట్టాన్ని పక్కకి వంచింది. గడ్డకట్టి ఉండాల్సిన రక్తం నీళ్లలా జారింది. అప్పుడే విషం విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టారు. అప్పటికి రాత్రి పదకొండు దాటింది. బాబాయి బతికాడు కానీ మూత్రపిండాలు పాడయ్యాయి, ఇప్పుడు వారానికి రెండుసార్లు అదే రేవు దాటి డయాలసిస్‌కి వెళ్తాడు. డయాలసిస్ ఖర్చు ప్రభుత్వ పథకంలోనే అవుతోంది, ఆ మాట చెప్పకపోతే తప్పు.

ఆ మందు గురించి తర్వాత చదివాను. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషాన్ని గుర్రాలకి కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి ఒకే మందు తీస్తారు. పొడిగా చేసి సీసాల్లో పెడితే ఫ్రిజ్ లేకపోయినా నిలవ ఉంటుంది. నేను కల్పించిన ఏ మంత్రం కన్నా ఇది గొప్పగా అనిపించింది నాకు. మంత్రి గారూ, మంత్రం మన దగ్గర ఉంది. లేనిది దాటించే మనిషి.

చిన్నప్పటి నుంచి వింటున్న కథే చూడండి. లక్ష్మణస్వామి పడిపోయింది లంకలో, మందు హిమాలయాల్లో. ఏ మూలిక కావాలో చెప్పగలిగినవాళ్లు అక్కడే ఉన్నారు, సంజీవకరణి, విశల్యకరణి, సంధానకరణి అని పేర్లతో సహా తెలుసు. హనుమంతుడు తెల్లారేలోపు సముద్రం దాటి తెచ్చాడు కాబట్టి ప్రాణం నిలిచింది. మనం గుళ్లు కట్టి మొక్కింది కూడా మందు మోసుకొచ్చినవాడికే.

వరదలప్పుడు మీ శాఖ ఏమీ చేయదని నేను అనను. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. హెచ్చరిక రాగానే గర్భిణులని ఒడ్డుకి చేరుస్తారు, బోట్లు దింపుతారు. 2022 జులైలో నీరు 25 లక్షలు దాటినప్పుడు మా ఇళ్లకి బోట్ల మీదే మందులొచ్చాయి. కానీ పాము హెచ్చరిక చూసి కరవదు, నొప్పులు క్యూసెక్కులు చూసి రావు. మా బాబాయిని కరిచిన రోజు గోదావరి ప్రశాంతంగా ఉంది, ఏ పేపర్లోనూ మా రేవు పేరు లేదు.

108 బండి 2005 నుంచి మన రాష్ట్రంలో తిరుగుతోంది, ఎందరి ప్రాణాలో నిలబెట్టింది. అది మా అవతలి ఒడ్డు దాకా వచ్చి ఆగుతుంది. అస్సాంలో బ్రహ్మపుత్ర మధ్య దిబ్బల మీద ఉండేవాళ్ల కోసం పడవ మీదే క్లినిక్ నడుపుతున్నారు, అదీ 2005లోనే మొదలైంది. అంత పెద్దది కూడా నేను అడగడం లేదు. వంతెన లేని ప్రతి రేవులో రాత్రిపూట ఒక ఇంజన్ పడవ, ఒక పెద్ద లైటు, లైఫ్ జాకెట్లు, నెల జీతం మీద ఇద్దరు మనుషులు. వాళ్ల నంబరు 108 వాళ్ల దగ్గర ఉండాలి, బండి బయలుదేరిన నిమిషంలోనే పడవ కూడా బయలుదేరాలి. విరుగుడు మందు పడవలోనే ఇచ్చేయమనడం లేదు, అది కొందరికి పడక ఊపిరాడకుండా పోతుంది, డాక్టరు ఎదుటే ఎక్కించాలి. ఆ డాక్టరు ఉన్న చోట ఒక గాజు గొట్టం, సరిపడా సీసాలు ఉండేలా చూడండి చాలు.

పడవ నడిపేవాళ్లకి జీతం ఏ పద్దులో వేయాలని మీ అధికారులు అడగొచ్చు. వైద్యం పద్దులోనే వేయమనండి. ఏడేర్ల సీమలో నేను అలాగే వేశాను, పదకొండో అధ్యాయం తిరగరాశాను, ఆ పిల్ల ఇప్పుడు బతికే ఉంది.

ఏ రేవుతో మొదలుపెట్టాలో తెలియాలంటే లంకల్లో పనిచేసే ఆశా కార్యకర్తలని పిలిచి అడగండి. ఈ నెలలో ఎవరికి నెలలు నిండుతున్నాయో, వాళ్లు ఏ ఒడ్డున ఉన్నారో వాళ్ల పుస్తకంలోనే రాసి ఉంటుంది.

ఇట్లు,
ఒక లంక ఊరి మనిషి